ఎడమ సీటు

సీటు బెల్టు వెనక్కి పోవడం లేదు. లాగితే బారెడు వచ్చింది, వదిలితే అక్కడే ఆగిపోయి, రోగి వెళ్లిపోయాక మంచం కమ్మీకి వేలాడే సెలైన్ గొట్టంలా నా ఒళ్లో పడి ఉంది. గడియారం పది పదిహేడు చూపిస్తోంది. ఇంజను నడుస్తోంది, ఏసీ నడుస్తోంది, వెనక సీట్లో మా చిన్ని నోరు తెరుచుకుని నిద్రపోతోంది. పొద్దున నూటొకటి ఉన్న జ్వరం సిరప్ పడ్డాక దిగింది. పిల్లకి చల్లగా ఉంటుంది, మీరిద్దరూ కార్లోనే ఉండండి, ఇంకో గంటలో మనదే కదా అని మా ఆయన దానియేలు తాళం నా చేతిలో పెట్టి మందిరంలోకి వెళ్లిపోయాడు. ఇంకో గంట. ప్రసంగం అయిపోతుంది, పాస్టరుగారు నూనె సీసాతో బయటికొస్తారు, అందరూ కారు చుట్టూ నిలబడి కళ్లు మూసుకుంటారు, నూనె వేలు బానెట్ మీద తిరుగుతుంది. ఆ తర్వాత కొన్నవాళ్లింట్లో అందరికంటే చిన్నదాన్ని ముందు సీట్లో కూర్చోబెట్టి, అమ్మినవాడే నడిపి, గేటు దాకా వెళ్లొచ్చి తాళం చేతిలో పెడతాడు. మా సంఘంలో స్కూటర్ నుంచి స్కూల్ వ్యాను దాకా ఏది చేతులు మారినా ఇంతే. సంఘం కళ్ల ముందు తాళం చేతిలో పడ్డాక బేరం తిరగదు. తిప్పినవాళ్లు యలహంకలో ఇప్పటిదాకా ఎవరూ లేరు.

బెల్టు సంగతి కారు అమ్ముతున్న దేవదానం అన్న ముందే చెప్పాడు, దాచలేదు. మొన్న శనివారం నలుగురం బాగలూరు రోడ్డు మీద ఒక చుట్టు తిరిగి వచ్చినప్పుడు, ఆ ఎడమ పక్క బెల్టు కొంచెం మొండిదప్పా, దాన్ని పట్టించుకోవద్దు అని నవ్వి, బకిల్‌లో చిన్న నల్ల క్లిప్పు ఒకటి టక్కున నొక్కాడు. బెల్టు పెట్టుకోకపోయినా కారు కూతలు పెట్టకుండా ఉండడానికి ఊళ్లో సగం మంది వాడే క్లిప్పు. దారంతా పాటలు పెట్టాడు, గట్టిగా, స్పీకర్లు అదిరేట్టు, తను కూడా గొంతు కలిపాడు, దానియేలూ కలిపాడు, చిన్ని చప్పట్లు కొట్టింది. ఇంజను ఎలా ఉంది, బ్రేకు నొక్కితే ముందు ఏమైనా చప్పుడు వస్తోందా అని నేను ఒక్క క్షణం చెవి పెట్టబోయాను, పాట అడ్డొచ్చింది. పాట ఆపమని ఎలా అడుగుతాం? దేవదానం అన్న పాడుతుంటే ఆపమన్నవాళ్లు ఎవరున్నారు?

ఇప్పుడు పాట లేదు. ఆదివారం కాబట్టి ఎయిర్ బేస్ వైపు నుంచి విమానాల మోత కూడా లేదు. మందిరం గోడకున్న స్పీకర్లోంచి పాస్టరుగారి గొంతు మాత్రం వస్తోంది, మాటలు అద్దం దాటి లోపలికి రావడం లేదు, ఎత్తుపల్లాలే వస్తున్నాయి. ఈ కార్లో నేను ఒంటరిగా కూర్చోవడం ఇదే మొదటిసారి. కొనబోయే కారులో ఒంటరిగా కూర్చోవడానికి నాకు పిల్ల జ్వరం కావలసి వచ్చింది.

గిరిధర్ గుర్తొచ్చాడు. మా ఆసుపత్రి వార్డులో నాతో నర్సుగా పనిచేసే వరూధిని మొగుడు, వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్, కార్ల పిచ్చి. కారు కొంటున్నామని తెలిసి నేను అడగకుండానే ఆరు వాయిస్ మెసేజ్‌లు పెట్టాడు. నేను మెకానిక్‌ని తెస్తాను అక్కా, జస్ట్ హాఫెనవర్, లిఫ్ట్ మీద పెట్టి కింద చూపిస్తే చాలు అన్నాడు. దానియేలుకి చెబితే ముఖం మాడ్చుకున్నాడు. దేవదానం అన్న ఇచ్చే కారుకి మెకానిక్కా? ఆయన్ని అనుమానిస్తే మనం మనుషులమేనా స్టెల్లా? ఆ మాటతో గిరిధర్‌కి మెకానిక్ వద్దని చెప్పేశాను, ఎందుకంటే నా ఒంట్లో తిరిగే రక్తంలో ఒక సీసా ఆయనది. చిన్ని పుట్టినప్పుడు, బాపట్ల నుంచి వచ్చి ఈ ఊళ్లో ఇంకా దారులు కూడా తెలియని రోజుల్లో, ఆపరేషన్ బల్ల మీద నా ప్రాణం జారిపోతుంటే దానియేలు ఎవరికి ఫోన్ చేయాలో తెలియక సంఘం నంబరుకి చేశాడట. వచ్చింది ఈయన. చొక్కా చేయి మడిచి, ఇంకొకణ్ని కూడా వెంటబెట్టుకుని. అద్దె ఇల్లు చూపించిందీ ఈయనే, చిన్నిని ఎత్తుకుని మందిరమంతా తిప్పిందీ ఈయనే. అలాంటి మనిషి ఇచ్చే కారు టైరు తన్ని చూడడం కూడా తప్పేననిపిస్తుంది. ఆయన మమ్మల్ని ఎందుకు ఎంచుకున్నాడో అప్పుడు ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచిస్తున్నానా? లేదు, ఊరికే, బెల్టు ఒళ్లో పడి ఉంది కాబట్టి.

ఫోను చెవికి ఆనించి, చిన్ని లేవకుండా, గిరిధర్ మెసేజ్ మళ్లీ పెట్టాను. "అక్కా, మీ చర్చిలో కార్‌కి ప్రేయర్ చేస్తారట కదా, సూపర్, చేయించండి. కానీ దానికి ముందు ఒక స్కాన్ చేయిస్తే దేవుడేం ఫీలవ్వడు. సరే వదిలేయండి, మెకానిక్ వద్దన్నారుగా. మీరే చూడండి, ఫ్రీ. వన్, ఇంజన్ ఆఫ్ చేసి కీ సగం తిప్పండి, లైట్లన్నీ వెలగాలి. మనిషి బొమ్మ ముందు బుడగ ఉంటుంది చూడండి, ఎయిర్‌బ్యాగ్ లైట్, అది వెలిగి ఆరాలి. వెలిగే ఉంటే ప్రాబ్లం. అసలు వెలక్కపోతే ఇంకా పెద్ద ప్రాబ్లం, ఎవరో బల్బు పీకేశారని." వార్డులో కూడా అంతే కదా, ఏడ్చే రోగికంటే ఏడుపు ఆపిన రోగి దగ్గరికే ముందు పరుగెత్తుతాం. ఇంజను ఆపాను. కుడివైపు వంగి తాళం సగం తిప్పాను. బ్యాటరీ వెలిగింది, నూనె దీపం బొమ్మ వెలిగింది, ఎర్రవీ పచ్చవీ ఏవేవో వెలిగాయి, కొన్ని ఆరాయి. మనిషి ముందు బుడగ వెలగలేదు. మళ్లీ తిప్పాను. వెలగలేదు. మూడోసారి తిప్పలేదు, నాడి దొరకనప్పుడు మూడోసారి వేలు పెట్టబోయే ముందు ఆగినట్టు ఆగాను.

డ్యాష్‌బోర్డు మీద మెరూన్ రంగు మఖమల్ మ్యాట్ పరిచి ఉంది, అంచుకి బంగారు కుచ్చులు. మధ్యలో చిన్న సిలువ. మా సంఘంలో సగం కార్లలో ఇలాంటిదే ఉంటుంది, బయట కంటోన్మెంట్‌లో ఒకే కొట్లో కొంటారు. కానీ వాటన్నిటిలో మ్యాట్ వదులుగా ఉంటుంది, పక్కకి జరుగుతుంది, చిన్ని లాంటివాళ్లు లాగితే ఊడొస్తుంది. ఇది నాలుగు అంచులా అంటించి ఉంది. వేలు కిందికి దూర్చాలని చూశాను, గోరు కూడా దూరలేదు. పైనుంచి అరచేత్తో నిమిరాను. నా ఎదురుగా ఉన్న భాగంలో, మఖమల్ కింద, గట్టిపడిన కుట్టులాంటి అంచు ఒకటి అడ్డంగా తగిలింది. కడుపు మీద పాత ఆపరేషన్ మచ్చని బట్ట మీంచే చేయి గుర్తుపడుతుంది. స్టీరింగ్‌కి కూడా అదే రంగు తొడుగు, దారంతో బిగించి కుట్టింది, మధ్య బొడ్డు దాకా.

ఇది చాలు, దిగి దానియేలుని పిలువు అంది బుర్రలో ఒక గొంతు. ఇంకోటి, ఏముందిలే, పాత కారుకి ఏదో ఒకటి ఉంటుంది, స్కూటర్ మీద ముగ్గురం వెళ్తూ వానలో హెబ్బాళ ఫ్లైఓవర్ కింద జారిపడ్డ రోజు కన్నా మంచిదే కదా అంది. ఆ రోజు చిన్ని మోచెయ్యి చెక్కుకుపోయింది. అందుకే కదా కారు అనుకున్నది. పిల్ల కోసం.

కిటికీ మీద టకటకమని కొట్టేసరికి తల తిప్పాను. దేవదానం అన్న. తెల్ల లాల్చీ, మెళ్లో సంఘ పెద్దలు వేసుకునే ఊదా కండువా, ఎండకి కళ్లు చికిలించి లోపలికి చూస్తున్నాడు. అద్దం దించాను.

"ఏమ్మా స్టెల్లమ్మా, పాప పండుకొనిందా?"

"పడుకుంది అన్నా."

"ఇంజను ఏల ఆఫ్ చేసినావు? పాపకు వేడి అయితాది గదమ్మా." ఆయన చూపు నా ఒళ్లోని బెల్టు మీద ఆగింది, అక్కణ్నించి వెలుగుతున్న లైట్ల మీదికి పోయింది, నా చేతిలోని ఫోను మీదికి వచ్చింది. నవ్వు అలాగే ఉంది. "ఏమన్నా చూస్తా ఉండావా?"

"ఊరికే అన్నా. బెల్టు లోపలికి పోవట్లేదు."

"నేను అప్పుడే చెప్పినాను గదా, మొండిదని. సుమ్నే, ఊరికే, దాంతో ఏల కొట్లాట? క్లిప్పు ఉండాది. చూడమ్మా, ఈ బండికి బయటోళ్లు ఎంతమంది వచ్చినారు తెలుసునా? ఒగడు మిషను పెడతా అంటాడు, ఒగడు పౌడర్ చల్లి చూస్తా అంటాడు. వెయ్యి ప్రశ్నలు. నాకు బేజారు అయిపోయింది. మనవాళ్లకు ఇస్తే ప్రశ్నలుండవు, ప్రార్థనుంటాది అనుకొన్నా." కిటికీలోంచి నడుము దాకా లోపలికి వంగి, నన్ను దాటి చెయ్యి చాపి, తాళం తిప్పి ఇంజను స్టార్ట్ చేశాడు. ఆ చేతికి సబ్బు వాసన. "ఏమీ యోచన చేయొద్దు. నేనుండాను గదా."

అద్దం ఆయనే ఎక్కించమని సైగ చేశాడు. ఎక్కించాను. మందిరం మెట్ల దాకా వెళ్లి ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. చూసి, లోపలికి వెళ్లలేదు. మెట్ల మీద, చెప్పుల వరసల పక్కన, నాకు కనబడేలా నిలబడ్డాడు. చెప్పుల వరసలు. ఎందుకో చెప్పులు చూస్తే ఈమధ్య నాకు బాగుండదు. ఎందుకో నాకు తెలుసు, ఆ సంగతి తర్వాత.

మనవాళ్లకు ఇస్తే ప్రశ్నలుండవు. ఆరో మెసేజ్. వాల్యూమ్ బాగా తగ్గించాను. "లాస్ట్ పాయింట్ అక్కా. బెల్టుల చివర ట్యాగ్ ఉంటుంది, తయారైన సంవత్సరం ఉంటుంది. అద్దాల మీద కూడా. కారు వయసూ వాటి వయసూ మ్యాచ్ అవ్వాలి. ఇంకోటి, ఇన్సూరెన్స్ హిస్టరీ. అందరూ క్లెయిమ్ ఉంటే భయపడతారు. రాంగ్. క్లెయిమ్ ఉంటే భయపడొద్దు, ఏం జరిగిందో కాగితం మీద ఉంటుంది. క్లెయిమ్ లేకుండా కొత్త పార్టులు ఉంటే, అప్పుడు భయపడండి అక్కా." కారుది ఆరో ఏడు. నా బెల్టు చివర ట్యాగ్ మీద ఆరేళ్ల నాటి సంవత్సరమే. వంగి డ్రైవరు బెల్టు కిందికంటా లాగాను. లాగిన చోటల్లా నల్లగా, నిగనిగలాడుతూ, వదిలితే సర్రున లోపలికి పోయింది. ట్యాగ్ మీద ఈ ఏడు. గట్టి దెబ్బ తగిలితే బెల్టులు బిగుసుకుపోయి మళ్లీ వెనక్కి పోవు. కుడివైపు బెల్టు లేకపోతే పోలీసులు ఆపుతారు, అందుకని మార్చారు. ఎడమవైపుకి క్లిప్పు చాలు. ఇన్సూరెన్స్ కాగితం గ్లవ్ బాక్సులో ఉంది, దానియేలు నిన్న నాకు చూపించి మురిసిపోయాడు, ఆరేళ్లలో ఒక్క క్లెయిమ్ కూడా లేదు స్టెల్లా, ఆయన ఎంత జాగ్రత్తగా నడిపాడో చూడు. ఎయిర్‌బ్యాగులు పేలినంత దెబ్బ తగిలితే ఎవరైనా ముందు ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేస్తారు. చేయనివాడు ఎందుకు చేయడు? ఎప్పుడు, ఎక్కడ, ఎలా అని అడుగుతారు కాబట్టి.

బెల్టు తీసి అడ్డంగా పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో తెలియదు, చేతులు వాటంతట అవే చేశాయి. ఎడమ భుజం మీంచి, రొమ్ముల మధ్యగా, కుడి నడుము దాకా. వేలితో ఆ దారి వెంట వచ్చాను, భుజం ఎముక, పక్కటెముకలు, నడుము, అంతలో నా వేలు నా ఒంటి మీద కాదు ఇంకెవరి ఒంటి మీదో నడుస్తున్నట్టయింది. ఈ దారి నేను చూశాను. ఆకుపచ్చగా, అంచులు పసుపుగా. మేరీ ఒంటి మీద. దేవదానం అన్న కూతురు మేరీ, ఇరవై రెండేళ్లది, టీచర్ ట్రైనింగ్ చదువుతోంది, మార్చిలో మా ఇంట్లో స్త్రీల కూడిక జరిగిన రోజు జాకెట్టు హుక్కు ఊడి నా గదిలోకి వచ్చింది. నేను హుక్కు పెడుతూ చూశాను. ఇదేంటమ్మా అంటే బాత్రూములో పడినానక్కా అంది. బాత్రూములో పడితే మోకాలు కమిలిపోతుంది, మోచెయ్యి కమిలిపోతుంది, తుంటి కమిలిపోతుంది. నాలుగు వేళ్ల వెడల్పున గీత గీసినట్టు ఎడమ భుజం నుంచి కుడి నడుముకి ఎవరూ పడరు. పదకొండేళ్లుగా క్యాజువాలిటీలో పని చేస్తున్నాను, మనిషి నోరు విప్పకముందే ఏ సీట్లో కూర్చున్నాడో చెప్పగలను. కుడి భుజం నుంచి దిగితే డ్రైవరు. ఎడమ భుజం నుంచి దిగితే పక్కన కూర్చున్నవాళ్లు. అప్పుడే నా బుర్రకి తెలిసింది. తెలిసిన దాన్ని నోటి దాకా రానివ్వలేదు, పెద్దింటి పిల్ల, ఏదో జరిగి ఉంటుంది, వాళ్ల ఇంటి సంగతి, ఇంకో హుక్కు కూడా పెట్టి చీర సర్ది పంపాను. అప్పుడు మేరీ తలుపు దగ్గర ఆగి, ఏదో చెప్పబోయి, వెళ్లిపోయింది. డ్రైవరు సీట్లో ఎవరు? ఆ నెలంతా దేవదానం అన్న పాట ఎత్తుకోలేదు. గ్యాస్ ట్రబుల్ అప్పా అంటూ కుడి రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని, వరసలో చివర కూర్చునేవాడు.

ఆకుపచ్చకి పసుపు అంచు. అంటే దెబ్బ తగిలి ఎనిమిది రోజులు, పది రోజులు. కూడిక జరిగింది మార్చి మూడో మంగళవారం. పది రోజులు వెనక్కి లెక్కపెట్టాను. లెక్క శనివారం మీద ఆగింది. వద్దనుకున్నాను. 

ఆ శనివారం వేసవి మొదటి వాన పడింది. దీపాలు పెట్టే వేళ ఒక ఆటోవాడు ఒక మనిషిని తెచ్చి మా వార్డు గుమ్మంలో దించాడు. యాభై ఏళ్ల మనిషి, పాత యలహంకలో గోడ పక్కన పడి ఉన్నాడట, ఏ బండి కొట్టిందో చూసినవాళ్లు లేరు. తొమ్మిదో నంబరు మంచం. ఒంటి మీద మెషిన్ ఆయిల్ వాసన. చొక్కా కత్తిరిస్తుంటే మడతల్లోంచి హెడ్‌లైట్ ముక్కలు రాలాయి, ట్రేలో పోసి కానిస్టేబుల్‌కి ఇచ్చాను. గోడ కూడా విరిగిందమ్మా, ఈయన్ని కొట్టి పోయి గోడకి కొట్టుకుని, వెనక్కి తీసుకుని వెళ్లిపోయాడు, తెల్ల రంగు అంటుకుని ఉంది, తెల్ల కార్లు ఈ ఊళ్లో లక్షలున్నాయి అన్నాడు కానిస్టేబుల్. ఆదివారం పొద్దున నేను డ్యూటీ అప్పజెప్పే ముందు ఆయన పోయాడు. చివరిదాకా నా మణికట్టు పట్టుకుని ఉన్నాడు. పేరు తెలియకుండానే పోయాడు. మూడో రోజు నాగలక్ష్మి అని భార్య వచ్చింది, అప్పుడు తెలిసింది, సుబ్బరాయుడు, కుట్టు మిషన్లు బాగుచేసేవాడు. ఆయన వస్తువుల సంచీ నేనే ఆమె చేతిలో పెట్టాను. స్క్రూడ్రైవర్లు, కళ్లజోడు, ఒక చెప్పు. తోలు పట్టీ తెగితే మిషను బెల్టు ముక్క వేసి పచ్చ దారంతో తనే కుట్టుకున్న చెప్పు. ఆమె ఏడవలేదు. సంచీ అంతా తిరగేసి, ఒగటే ఉండాది గదమ్మా, రెండోది యాడికి పాయె అని అడిగింది. తెలియదన్నాను. ఏమన్నా తెలిస్తే చెప్పు తల్లీ అని నా నంబరు తీసుకుంది. నెలనెలా ఒకటో తారీఖున ఫోన్ చేస్తుంది. హలో అనదు. ఏమన్నా తెలిసిందా తల్లీ అంటుంది. లేదమ్మా అంటాను. పెట్టేస్తుంది.

అద్దంలోంచి చూస్తే బానెట్ అంచు ఎండలో మెరుస్తోంది. దిగి రెండడుగులు ముందుకి వెళ్లి చూస్తే తెలుస్తుంది, బంపరు తెలుపూ తలుపు తెలుపూ ఒకటేనా కాదా. దిగాను. మెట్ల మీద దేవదానం అన్న కదిలాడు. నేను చేతులు విరుచుకుంటున్నట్టు నిలబడ్డాను. బంపరు పాల తెలుపు. తలుపు అన్నం గంజి తెలుపు. ఎడమ హెడ్‌లైట్ కొత్త గాజు గ్లాసులా ఉంది. కుడిదానికి కంటిపొర కమ్మినట్టు పసుపు. మళ్లీ ఎక్కి తలుపు వేసుకున్నాను. పదకొండు అయిదు.

ఊళ్లో తెల్ల కార్లు లక్షలు. హెడ్‌లైట్ ఎవరిదైనా పగులుతుంది, రాయి తగిలినా పగులుతుంది. ఎనిమిది రోజులో పది రోజులో, మచ్చ రంగు చూసి తారీఖు చెప్పడానికి నేనెవరిని? తప్పయితే? సంఘం ముందు నోరు తెరిచి తప్పయితే, ఈ ఊళ్లో మాకు ఇంకెవరున్నారు? దానియేలు నా మొహం చూడడు. నాకు రక్తం ఇచ్చిన మనిషి మీద, ఇంకొకరి రక్తం. ఆ మాట దగ్గర మనసు గోడకి కొట్టుకుని ఆగింది. రక్తం ఇచ్చాడు, నిజమే. కానీ ఆయన చెయ్యి చాపగానే ఆ రక్తాన్ని తెచ్చి నాకు ఎక్కించారా? లేదు. గ్రూపు చూశారు, రోగాలు చూశారు, నా రక్తం చుక్కా ఆయన రక్తం చుక్కా కలిపి గడ్డకడుతుందేమో చూశారు. సీసా మీద పేరు ఒకరు చదివితే ఇంకొకరు మళ్లీ చదివారు. పదకొండేళ్లుగా నేనూ అదే చేస్తున్నాను, ఇచ్చింది దేవుడి మనిషైనా సరే. ఎవరూ దాన్ని అనుమానం అనలేదు. ఆయన కూడా అనుకోలేదు. రక్తానికి లేని పౌరుషం కారుకి ఎందుకు?

స్పీకరు ఆగింది. లోపల అందరూ లేచి నిలబడ్డ చప్పుడు, చివరి పాట, తలుపులు తెరిచిన చప్పుడు. చెప్పుల వరసలు కలిసిపోయాయి. దానియేలు ముందు వస్తున్నాడు, కొత్త చొక్కా, మొహం పెళ్లికొడుకులా వెలిగిపోతోంది. దిగు దిగు అని చేత్తో సైగ. ఇంజను ఆపి తాళం గుప్పిట్లో పెట్టుకుని దిగాను. చిన్ని లేచి కళ్లు నులుముకుంటూ నా నడుము పట్టుకుంది. జనం గుండ్రంగా చేరారు. ఎవరో ఆంటీ, ట్రీటెప్పుడు స్టెల్లా, బిర్యానీ తప్ప ఇంకేదీ ఒప్పుకోం అంది. పాస్టరుగారు నూనె సీసా మూత తిప్పారు. అందరం కళ్లు మూసుకుందాం అన్నారు.

అందరూ మూసుకున్నారు. నేను మూసుకోలేదు. వంచిన తలలన్నిటి మధ్యా, బానెట్‌కి అవతల, ఇంకొక తల కూడా పైకే ఉంది. మేరీ. ఆమె నన్ను చూడడం లేదు, చిన్నిని చూస్తోంది. చిన్నిని, ఎడమ తలుపుని, చిన్నిని. ఆమె కుడి చెయ్యి మెల్లగా లేచి ఎడమ భుజం మీద ఆగింది. అప్పుడు నా వైపు తిరిగింది. తల అడ్డంగా ఊపింది, ఒకే ఒక్కసారి, ఈగని తోలినట్టు. నూనె బానెట్ మీద జారుతోంది. ప్రార్థన పొడుగ్గా సాగుతోంది, ప్రయాణాల్లో కాపుదల, చక్రాలకి కాపుదల, ఇందులో కూర్చునే ప్రతి ఒక్కరికీ కాపుదల. ఆమేన్ అన్నారు అందరూ. అందరికంటే గట్టిగా దేవదానం అన్న అన్నాడు.

ఆయనే ఎడమ తలుపు తెరిచాడు. "రా చిన్నీ, మహారాణి మాదిరి కూచో. స్టెల్లమ్మా, తాళం ఇయ్యి."

"ముందు మేరీ కూర్చుంటుంది అన్నా," అన్నాను.

నా గొంతు నాకే వింతగా ఉంది, వార్డులో అరుస్తున్న రోగితో మాట్లాడే గొంతు అది. దానియేలు నవ్వబోయి ఆగాడు. "అదేంటి స్టెల్లా, చిన్ని కదా..."

"అవునమ్మా, పాప గదా కూచోవాల్సింది," అన్నాడు దేవదానం అన్న. చాపిన చెయ్యి చాపినట్టే ఉంది. "మా మేరీ ఇందులో ఎన్నిసార్లు కూచోలేదు?"

"అదే అన్నా. ఎన్నోసార్లు కూర్చుంది కదా. ఇంకొక్కసారి కూర్చోమనండి."

బిర్యానీ ఆంటీ నవ్వింది, ఇంకెవరూ నవ్వలేదు. మేరీ చుట్టూ తిరిగి వచ్చింది. తండ్రి పక్కనుంచి వెళ్తున్నప్పుడు ఆయన ఏదో అన్నాడు, పెదాలు కదలకుండా. ఆమె ఆగలేదు. తలుపు పట్టుకుంది, ఒక కాలు లోపల పెట్టింది, సీటు మీద వాలిన బెల్టు చూసి కాలు బయటికి తీసుకుంది. తల తిరుగుతోందేమో అనుకుని నేను చెయ్యి అందించబోయాను. ఆమె నా చెయ్యి తీసుకోలేదు. నడుము దాకా లోపలికి వంగి, మఖమల్ మ్యాట్ కుచ్చుల్ని రెండు చేతులా పట్టుకుని, ఒక్క గుంజు గుంజింది. జిగురు ఊడుతున్న చప్పుడు, కట్టిన కట్టు ఒక్కసారిగా పీకినట్టు, పొడుగ్గా వినబడింది. కింద ప్లాస్టిక్ రెండుగా చీలి ఉంది, చీలిక పొడుగునా గోధుమరంగు టేపు, లోపల ఎయిర్‌బ్యాగు ఉండాల్సిన చోట ఖాళీ బొక్క.

దానియేలు వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. నిటారుగా లేచి చిన్నిని నా దగ్గర్నుంచి తీసుకుని ఎత్తుకున్నాడు.

"ఇంటికి పద మేరీ," అన్నాడు దేవదానం అన్న. గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "స్టెల్లమ్మా, తాళం."

మేరీ చేతుల్లో మ్యాట్ ఉంది, దాని సిలువ తలకిందులుగా వేలాడుతోంది. ఆమె నాతోనే మాట్లాడింది, నాకొక్కదానికే వినబడేంత చిన్నగా. "ఇంటికి పోయినాంక చూసినానక్కా. బంపర్‌లో ఇరుక్కోని ఉండె. పారేయమన్నాడు నాయన. నా బట్టల కింద పెట్టినా."

"ఏంటి?"

"చెప్పు. పచ్చ దారంతో కుట్టినారు."

తాళం నా గుప్పిట్లో గుచ్చుకుంటోంది. ఇవాళ ఇరవై ఏడు. ఒకటో తారీఖుకి ఇంకా నాలుగు రోజులున్నాయి. రెండో చేత్తో ఫోను తీసి నాగలక్ష్మి నంబరు నొక్కాను, ఆయన చాపిన చెయ్యి నా మోచేతికి బెత్తెడు దూరంలో ఉంది, ముట్టుకోలేదు, వెనక్కి పోలేదు. ఎదురుచూసినట్టు మొదటి మోతకే ఎత్తింది. హలో అనలేదు.

"ఏమన్నా తెలిసిందా తల్లీ?"